గోడ ఉన్న చోటు

అత్తాపూర్‌లో, పిల్లర్ నంబర్ నూట నలభై మూడు ఎదురుగా
మూడో అంతస్తులో
వంటింటికీ హాలుకూ మధ్య గోడను
మొన్న మాఘంలో కొట్టించేశాం.
అడిగింది నేనే.

పన్నెండేళ్లు ఆ సున్నం కేసి చూస్తూ చపాతీలు వత్తాను.
అవతల వికెట్ పడితే కేకలు వినబడేవి,
ఎవరు ఔటయ్యారో చిటపటలాడే ఆవాలు చెప్పవు కదా.
చుట్టాలొచ్చినప్పుడు
టీ కప్పులతో నేను వెళ్లేసరికి
నవ్వు అయిపోయి
నవ్విన మొహాలు మాత్రం మిగిలి ఉండేవి.

భిక్షపతి మేస్త్రీ సమ్మెట ఎత్తే ముందు
గోడను అరచేత్తో రెండుసార్లు తట్టాడు,
అమ్మేసిన ఎద్దును తట్టినట్టు.
"బరువు మోసే గోడ గాదమ్మా, పో అంటే పోతది."
అది ఏమేం మోసిందో ఆయనకేం తెలుసు.

మధ్యాహ్నానికల్లా పద్నాలుగు సంచులు.
ఒక పెచ్చుకు క్యాలెండర్ మేకు,
ఇంకో పెచ్చు మీద పెన్సిలు గీత,
మూడేళ్లప్పటి నిహిత ఎత్తు.
సంచి మూతి కట్టేశాక గుర్తొచ్చింది.
విరగని ఇటుకలు ఏరి ఆటోలో వేసుకున్నాడు మేస్త్రీ.
"మా ఇల్లు పుట్టుడే గిట్ల, ఒక్కటే అర్ర.
చీర అడ్డం కట్టుకుంటం. ఇగ గోడ లేపుత."

మొదటి వారమంతా పండగే.
పడమటి ఎండ బాల్కనీ దాటి
స్టవ్ దాకా వచ్చి కూర్చునేది.
బెండకాయలు తరుగుతూనే పదమూడో ఎక్కం అప్పజెప్పించుకున్నా.
పప్పు కలిపేటప్పుడు నేను ఒంటికాలి మీద నిలబడతానని
విఠల్ అప్పుడే చూశాడు.
"కొంగ" అన్నాడు.
ఇన్నేళ్ల సంసారంలో నా వీపుకు
అది మొదటి పలకరింపు.

తర్వాత ఎండుమిర్చి పోపు పెట్టిన రోజొచ్చింది.
అడ్డం గుమ్మం లేని ఘాటు
సోఫా మీద దొర్లింది, కర్టెన్లు పట్టుకుని ఎక్కింది,
మీటింగులో ఉన్న విఠల్ గొంతులోకి దిగింది.
కుక్కర్ మూడో విజిల్
ఆఫీసు లెక్కల్లో కలిసిపోయింది.
నిహిత యూనిఫాం చేపల పులుసు వాసనేస్తోందని
బెంచీలో పక్కపిల్ల జరిగి కూర్చుందట.
చిమ్నీ కొన్నాం.
అది తిరిగినంతసేపూ ఒకే గదిలో ఉండి
ఒకరినొకరం కేకేసి పిలుచుకుంటాం.
తలుపు తీస్తే ఎవరినైనా
ముందు సింకులో అంట్లే పలకరిస్తాయి.

పండగనాడు షీర్ ఖుర్మా తెచ్చిన ఫరీదా ఆపా
ఇల్లంతా కళ్లతోనే ఒకసారి తిరిగి
"మస్తుగుంది, అన్నీ కనపడ్తున్నయ్.
మరి నువ్వు కనపడకుండ ఉండే జాగా ఏది?" అంది.
నవ్వేసి గిన్నె కడిగిచ్చాను.

ఆషాఢంలో ఒక మంగళవారం
మా అక్క రిపోర్టులొచ్చాయి.
ఫోను పెట్టేసి, అలవాటు కొద్దీ
వంటింట్లోకి వెళ్లబోయాను.
వెళ్లడానికి వంటిల్లు లేదు.
అక్కడే ఉన్నాను, అందరి ముందూ.
ఉల్లిపాయలు ముందేసుకున్నా.
ఒకటి, రెండు, ఐదు.
ఆ పూట వండాల్సింది సాంబారన్నమే,
అది అప్పటికే దించేశాను.

విఠల్ టీవీ ఆపలేదు.
శబ్దం కాస్త పెంచాడు.
లేచి వచ్చి, రంగు కలవని టైల్స్ పట్టీ మీద,
పాతరకం దొరక్క మేస్త్రీ అతికించిన ఆ అరడుగు మేర,
నాకు వీపు చేసి నిలబడ్డాడు.

"నాన్నా, అక్కడెందుకు నిలబడ్డావ్?"
"ఊరికే. ఇక్కణ్నుంచి మ్యాచ్ బాగా కనిపిస్తోంది."

ఆ రాత్రి టీవీలో మ్యాచ్ లేదు.
ఏదో వంటనూనె ప్రకటన
మళ్లీ మళ్లీ వస్తోంది.