రాయి

నా పని వైద్యం కాదు, అడగడం.
స్కూటర్ వెనక తాడుతో బిగించిన అట్టపెట్టె,
అందులో పాత పేపర్ల మధ్య అణిగి ఆరిన ఆకులు,
ఒక తూనిక కొక్కెం, కట్టెడు ఫారాలు,
రెండు పెన్నులు. ఎండకి ఒకటి ఎప్పుడూ కక్కుతుంది.

సికాసోకి దక్షిణాన, వానలు వెనక్కి తగ్గిన నెల.
దోమలకి పెళ్ళిళ్ళ కాలం.

ప్రతి గుమ్మంలోనూ అవే మూడు ప్రశ్నలు:
ఈమధ్య మీ ఇంట్లో ఎవరికైనా చలిజ్వరం వచ్చిందా?
ఏమిచ్చారు?
తర్వాత?

ఆ "తర్వాత" కోసమే నాకు జీతం.
బమాకోలో డాక్టర్ కమాతే బల్ల గుద్ది మరీ చెప్పాడు:
"ఏ ఆకు మంచిదని అడగకు అసేతూ,
ఎవరి అవ్వ పేరు వాళ్ళు చెబుతారు.
పోయినసారి ఏం జరిగిందో అడుగు.
జరిగింది అబద్ధమాడదు."

ఆడుతుంది డాక్టర్.
మామిడి నీడలో మామగారు కూర్చుని వింటుంటే
జరిగింది కూడా తల వంచుకుంటుంది.

కమ్మరి న్గోలో బొప్పాయి ఆకన్నాడు.
వాసా, సైకిలు మీద వచ్చినవాడి దగ్గర కొన్న
నాలుగు తెల్ల బిళ్ళలంది. పేరు? కాగితం లేదు.
చివరింటి ముసలమ్మ పెరటి వైపు చెయ్యి చూపింది,
గాడిద కూడా మూతిపెట్టని ముళ్ళమొక్క,
పసుపు పూలు, విరిస్తే పసుపు పాలు.
"పిడికెడు ఉడకబెట్టి తాగిస్తే మూడోనాటికి లేచి తిరిగాడు."
పిడికెడంటే ఎంత?
నా కొక్కెం చూసి ఫక్కున నవ్వింది,
నవ్వుతూనే పిడికిలి తెచ్చి తూకంలో వేసింది.
ఆ వీధిలో నేను పదమూడు పిడికిళ్ళు తూచాను.
ఏ రెండూ ఒకలా లేవు.

సాలిమాతా రాతి మీద జొన్నలు నూరుతోంది.
మొదటి ప్రశ్నకి చెప్పింది.
రెండోదానికి వాగు గట్టున చెట్టు పేరు చెప్పింది,
వేరు బెరడు, మూడు పూటలు.
తర్వాత?

రాయి ఆగలేదు.
ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ.

నా ఫారంలో ఆఖరి గడి చాలా ఇరుకు.
గీసినవాళ్ళు దాని అవసరం అంతగా పడదనుకున్నారేమో.
పెన్ను మూత పెట్టాను.
"వద్దులే అక్కా, ఈ ఇల్లు వదిలేస్తాను."

అప్పుడు ఆగింది రాయి.
పిండి చేతుల్తో కాగితం లాక్కుని తలకిందులుగా చూసింది.
"వాడి పేరేది?"
పేర్లు రాయం. అంకె వేస్తాం.
"ఏ అంకె?"
నూట పన్నెండు.
పెదవుల్లో రెండుసార్లు అనుకుంది,
కొత్తగా పుట్టినవాడికి పేరు సరిపోతుందో లేదో చూస్తున్నట్టు.

"రాయి" అంది.
"ఆ బెరడు నా కొడుకుని నిలబెట్టలేదని రాయి.
పక్కింటిదీ దానికోసమే వాగుకి వెళుతోంది."

ఒక్క కేసు దేన్నీ రుజువు చేయదని
శిక్షణలో మొదటిరోజే నేర్పారు మాకు.
ఆ మాట ఆమెకి చెప్పలేదు.
ఇరుకు గడిలో పట్టేట్టు చిన్నగా రాశాను.
కాగితం మూల పిండి వేలిముద్ర పడింది.
తుడవలేదు.

మళ్ళీ వెళ్ళేసరికి ఏడాదిన్నర.
ఊరికి లెక్క అప్పజెప్పాలిగా.
ముళ్ళమొక్క మీద అసలు పరీక్షలు మొదలవుతాయని చెప్పాను,
ఇంకా మందు కాదు, మందు అవుతుందో లేదో తెలియదు,
పిల్లాడికి వణుకొస్తే ముందు ఆరోగ్యకేంద్రానికే తీసుకెళ్ళండని.
ముసలమ్మ తానే కనిపెట్టినట్టు మోకాలి మీద చరుచుకుంది.

జనం వెళ్ళాక సాలిమాతా మిగిలింది.
"నూట పన్నెండు ఎక్కడున్నాడు?"

పట్టిక విప్పాను.
అంకెలన్నీ కలిపేశారు అక్కా.
ఇదిగో, బెరడు కషాయం: పదకొండు మంది.
తగ్గనివాళ్ళు: నాలుగు.
ఈ నాలుగులో ఉన్నాడు.

పక్కింటి పొయ్యి మీద ఏదో పొంగుతోంది,
బెరడు వాసన మాత్రం కాదు.

ఆమె బొటనవేలు ఆ నాలుగు మీద పెట్టి
చాలాసేపు తడిమింది.

"ఇందులో ఏ పక్కన?"