బ్లేడు మందం సందు

చిట్టినగర్ సొరంగం దాటేలోపు
మూడుసార్లు ఆగింది మోపెడ్.
వెనక నాలుగు పాల క్యాన్లు.
లీటరుకి నలభై కూడా రావట్లేదన్నాను.

గొల్లపాలెం గట్టు కింద జిలానీ మేస్త్రి
ప్లగ్గు విప్పి, ఊది,
ఎండకేసి పట్టుకున్నాడు.
"తాగిందంతా మసిగా కక్కుతోంది, అరగట్లేదు దీనికి."

గరుకు కాయితంతో మొన రుద్దాడు.
గేజీ ఎవరో పట్టుకుపోయారట.
విరిగిన హాక్సా బ్లేడు ముక్క దూర్చి
స్క్రూడ్రైవర్ పిడితో
టిక్. టిక్.
ఒక దెబ్బ ఎక్కువైంది, మళ్ళీ లేపాడు.

"దగ్గరైతే రవ్వకి బలం చాలదు,
ఎడమైతే అసలు దూకదు.
బ్లేడు ఇరుక్కోకూడదు, ఊగకూడదు. అంతే."

నా చేతికిచ్చాడు చూడమని.
ఒక కన్ను మూసి చూశాను.
గ్యాస్ బండ భుజానేసుకుని
గట్టు మెట్లెక్కుతున్న కుర్రాడు
ఆ కాస్త సందులో
బండతో సహా పట్టాడు.

ముప్ఫై రూపాయలు.
ఒక్క తన్నుకే అందుకుంది.

సాయంత్రం తిరుగు దారిలో
సొరంగం నిండా నా బండి చప్పుడే,
ఎక్కడా తడబడకుండా.
లైటు వేసుకోవడం కూడా మరిచి
అది వింటూ పోయాను.

ఖాళీ క్యాన్లు మాత్రం
దారి పొడుగునా
ఒకదాన్నొకటి కొట్టుకుంటూనే ఉన్నాయి.