చుక్క గుర్తు

ఆగస్టులో కాగితం వస్తుంది.
బడి మొత్తానికి, చదువు: ముప్పై నాలుగు శాతం.
లెక్కలు: ఇరవై తొమ్మిది.
కింద 'ఆసియా' అనే వరుసలో అంకె లేదు,
ఐదు ముక్కుల చిన్న చుక్క.
ఖండం పెద్దదే. మా బడిలో తొమ్మండుగురు.
పదిమందికి తగ్గిన గుంపుకి రాష్ట్రం వాళ్ళు అంకె వెయ్యరు,
ఎవరి మార్కు ఎవరిదో ఊరు పోల్చుకోకూడదని.
నెబ్రాస్కాలో, ప్లాట్ నది ఒడ్డున,
పందిమాంసం ఫ్యాక్టరీ తప్ప వేరే పెద్ద తలుపు లేని ఊళ్ళో
ఆ తొమ్మండుగురు కరెన్ పిల్లలెవరో తెలియనిదెవరికి?

నేను మార్లిస్ క్రాటోచ్విల్, ఆఫీసు గుమాస్తాని.
ఏప్రిల్ వస్తే పరీక్షల కాపలాదారుని.
పందొమ్మిదేళ్ళుగా పెన్సిళ్ళు చెక్కుతున్నాను,
చేతిగీతల్లోకి నలుపు దిగింది.
ప్రశ్నపుస్తకాలు లెక్కపెట్టి ఇస్తాను, లెక్కపెట్టి తీసుకుంటాను,
ఒక్కటి తగ్గినా ఆ రాత్రి ఎవరూ ఇంటికి కదలకూడదు.
ఓసారి ఓ పిల్లాడు భయానికి పుస్తకం మీదే కక్కుకున్నాడు.
దాన్నీ సంచిలో కట్టి, ముద్ర వేసి, లింకన్‌కి పంపాం.
కక్కిన కూడు కూడా రాష్ట్రానిదే.

మొన్న ఏప్రిల్‌లో, చదువు పరీక్ష నాడు,
ఎహ్ మూ చెయ్యెత్తింది.
ఓ కుటుంబం కొండ మీదికి సెలవులకి వెళ్ళిన కథ.
తాతకి ఎందుకు నిరాశ కలిగింది? నాలుగు జవాబులు, నాలుగు సున్నాలు.
'స్కీ లాడ్జ్ అంటే ఏంటి?' గుసగుసగా అడిగింది.
మంచంటే ఆ పిల్లకి తెలుసు,
తెల్లారకముందే అమ్మ కారు అద్దం మీంచి గీకేది.
దాని మీద జారడానికి డబ్బు కడతారని తెలియదు.
నాకు రాసిచ్చిన వాక్యం ఒక్కటే:
'నీకు చేతనైనంత బాగా చెయ్యి.'
'చేస్తూనే ఉన్నాను' అంది,
కోపం లేకుండా.
ఓ సున్నాని నల్లగా నింపింది.

మర్నాడు లెక్కలు.
ఈ పిల్లే, ఫిబ్రవరిలో, అమ్మ జీతం చీటీ పట్టుకుని
నా కిటికీ దగ్గరికొచ్చింది.
బూట్లు, ఏప్రన్ తొడిగే పన్నెండు నిమిషాలు
రోజూ ఎవరో మింగేస్తున్నారని,
ఐదు రోజులకి గంట అని,
వేళ్ళు కూడా మడవకుండా తేల్చి చెప్పింది.
పరీక్షలో మూడు డజన్ల గుడ్లు అడిగారు.
లెక్క ఆగలేదు, మాట దగ్గర ఆగింది.
డజను.
తలెత్తి నా వంక చూసింది.
నీ పన్నెండేనమ్మా అది, అమ్మ బూట్ల పన్నెండు.
పెదవి కదిపితే నా ఉద్యోగం పోతుంది.
గడియారం వైపు తిరిగాను.

బోర్డు మీటింగులో ఎవరో ముప్పై నాలుగేనా అన్నారు.
ప్రిన్సిపాల్ మంచినీళ్ళు తాగింది.
పక్క ఊరికి నలభై ఒకటట.
చుక్క గురించి ఎవరూ అడగలేదు.

అక్టోబరులో, మొదటి మంచు పడిన మంగళవారం,
ఓ తండ్రి తడిసిన కాగితాలతో వచ్చాడు.
వెనక కుర్రాడు, క్లో టూ, ఎనిమిదేళ్ళు,
కోటు చేతులు మోకాళ్ళ దాకా.
పేరు రాశాను. పుట్టిన తేదీ రాశాను.
'ఆసియా' గడిలో టిక్కు పెట్టబోయి ఆగాను.
పదోవాడు.
ఇక వీళ్ళు చుక్క కారు.
వచ్చే ఆగస్టుకి తెల్లారిపోయి శాతమవుతారు.

తండ్రికేం చెప్పను?
నోట్లో ఆ ఒక్క వాక్యమే సిద్ధంగా ఉంది. మింగేశాను.
డబ్బాలోంచి ఓ పెన్సిలు తీసి కుర్రాడికిచ్చాను.
వాడు మొన వైపు చూళ్ళేదు.
రెండో కొసనున్న గులాబీ రబ్బరు వాసన చూశాడు,
కాస్త కొరికాడు,
తండ్రితో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు.
ఏమన్నాడో
భోజనం గంట కొట్టాక
ఎహ్ మూని అడగాలి.