లూప్‌బ్యాక్ సున్నా

జూన్‌లో ఒక రాత్రి
సిరుసేరి స్విచ్ చచ్చిపోయిందన్నాం.
అంబత్తూరు నుంచి ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు.
తెర మీద ఎర్రచుక్క.
ఇళంగో హెల్మెట్ తీసుకున్నాడు,
కొత్త స్విచ్ అట్టపెట్టెని బండి వెనక సీటుకి తాడేసి కట్టాడు,
నలభై అయిదు కిలోమీటర్లు, తెల్లవారుజామున రెండున్నరకి.

వెళ్లి చూస్తే
అది హాయిగా గుర్రు పెడుతోంది.
ఫ్యాన్లు తిరుగుతున్నాయి.
ఒక్క నలభై ఎనిమిదో పోర్టు తప్ప
దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి.
మేం రోజూ దాన్ని పిలిచేది ఆ పోర్టు అడ్రస్‌తోనే.
రెండో వైపు తీగ బతికే ఉంది,
అక్కడి వాళ్ల పనులన్నీ ఆ దారినే సాగిపోతున్నాయి.
నా దగ్గర నేర్చుకున్న ముక్కల తెలుగులో
ఫోన్‌లో అన్నాడు:
"ఇది చావలేదు వకుళా,
తప్పు వాకిలి కొట్టింది మనం."

మర్నాడు దానికి ఇంకో అడ్రస్ ఇచ్చాం,
ఏ పోర్టుకీ చెందనిది.
చివర్న ఏడు.
ముప్పై రెండు బిట్లూ దానివే,
పక్కన ఇంకొకరికి చోటు లేదు.
తీగ గుచ్చడానికి కన్నం లేదు,
వెలగడానికి దీపం లేదు.
టైపు చేసిన క్షణమే లేచి కూర్చుంది,
ఎవరూ లేపకుండానే.
ఓఎస్‌పీఎఫ్‌తో చెప్పాం:
ఇక ఇదే దీని పేరు,
రెండు పక్కలా టముకు వేయి.

మొత్తం అయిదు లైన్లు.
ఆ అయిదు లైన్లు లేకపోబట్టి
ఇళంగో తొంభై కిలోమీటర్లు తిరిగొచ్చాడు.

మా దగ్గర టీ తెచ్చే ముత్తువేల్‌కి
ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు.
లిఫ్ట్ ఆగితే మెట్ల మీద నుంచి వస్తాడు,
మెట్ల తలుపుకి తాళం పడితే
సామాన్లు ఎక్కించే ర్యాంపు మీదుగా.
మూడో అంతస్తు టీ అనడు,
వకుళమ్మ టీ అంటాడు.

నవంబరులో వాన.
ఒంటి గంట పన్నెండుకి పోరూరులో
మెట్రో గోతి దగ్గర ఏదో జేసీబీ కొరికింది.
మా చివర దీపం ఆరలేదు.
మధ్యలో లైను కంపెనీ వాడి పెట్టె
అంతా బాగానే ఉందని అబద్ధమాడుతోంది.
పది సెకన్లకోసారి అవతలి స్విచ్ హలో అనాలి.
అనలేదు.
ఇంకో పది. అనలేదు.
నలభై దాకా ఓపిక పట్టాలి, అది రూలు.
పింగ్‌కి జవాబు లేదు
జవాబు లేదు
జవాబు లేదు
కుర్చీలోంచి సగం లేచాను.
ఇళంగో చెయ్యి హెల్మెట్ దాకా వెళ్లింది.

ముప్పై ఆరో సెకనుకి
లాగ్‌లో ఒక లైన్ పడింది: పొరుగు పోయింది.
ఆ వెంటనే జవాబు,
మాధవరం చుట్టూ తిరిగి,
రెండు మిల్లీసెకన్ల దూరం ఆరు చేసుకుని,
కాస్త రొప్పుతూ.
అదే ఏడు.

ఇళంగో హెల్మెట్ మళ్లీ బల్ల మీద పెట్టాడు.
అందులో దాచుకున్న అరటిపండు తీసి తిన్నాడు.

ఏమీ తోచక
లూప్‌బ్యాక్ లెక్కలు తీసి చూశాను.
తప్పులు సున్నా.
అయిదు నెలల్లో ఒక్కసారీ పడింది లేదు.
"తీగంటూ ఉంటే కదా తెగడానికి," అన్నాడు ఇళంగో.
నాకెందుకో అది పొగడ్తలా వినపడలేదు.

ఈపాటికి ఎవరో బయల్దేరే ఉంటాడు,
పోరూరు గోతిలోకి, మోకాలిలోతు నీళ్లలోకి,
నోట్లో టార్చి కరుచుకుని
వెంట్రుకంత గాజుపోగుల్ని
రంగు చూసి రంగుతో అతికేవాడు.
లూప్‌బ్యాక్‌కి అతని అవసరం లేదు.
దాన్ని చేరాల్సిన మాకు ఉంది.
నీలం, నారింజ, ఆకుపచ్చ,
గోధుమ, బూడిద, తెలుపు
అని గొణుక్కుంటూ కూర్చున్నాను,
అతని పక్కన గొడుగు పట్టినట్టు.