మూడు వోల్టులు

మూతకి నాలుగు మరలు.
మూడు మాట విన్నాయి. నాలుగోది తుప్పు పట్టి,
స్క్రూడ్రైవర్ అంచు కాస్త కొరుక్కుతిన్నాక వదిలింది.

లోపల పెన్సిల్ రాత:
ఎర్త్ ఇక్కడే. ఇంకెక్కడా వద్దు. - జ్బినెక్.
కింద గీత. ఆ గీత కింద ఇంకో గీత.

ముప్పై ఏడేళ్ల కిందట
బొమ్మలాటల థియేటర్ కోసం
తన వంటింటి బల్ల మీద కట్టాడట ఈ మిక్సర్ని.
ఇంత అల్యూమినియం రేకు ఫ్యాక్టరీ గేటు ఎలా దాటిందని
అప్పట్లో బ్ర్నోలో ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్లు కాదు.
గోదాం ఖాళీ చేస్తూ
కిలోల లెక్కన తూకం వేస్తుంటే తెచ్చుకున్నాను.

నేను ట్రామ్ డిపోలో పనిచేస్తాను.
పొద్దస్తమానం ఆరువందల వోల్టులతో కాపురం.
ఇంటికొచ్చి పన్నెండుకి భయపడుతుంటే
నాకే నవ్వొస్తుంది.

కానీ నా సింథసైజర్ మాడ్యూళ్లు ఇంతే తింటాయి:
పైన పన్నెండు, కింద పన్నెండు, మధ్యన సున్నా.
జ్బినెక్ పెట్టె వడ్డించేది పదిహేను.
కొన్ని అరిగించుకుంటాయి, కొన్ని చస్తాయి,
ఏవి ఏవో ముందే చెప్పి మరీ చావవు.
పోయినేడు రిబ్బన్ కేబుల్ ఒకటి తిరగేసి గుచ్చాను,
ఎర్ర అంచు మైనస్ వైపు ఉండాలని తెలిసీ.
ఇంత పొగ. చేప మాడిన వాసన.
చేతులు కాలాక పట్టుకుందామంటే
జనవరి, చెట్లకి ఆకులు లేవు.

ట్రాన్స్‌ఫార్మర్ నిక్షేపంలా ఉంది.
కెపాసిటర్ల తలలు ఉబ్బాయి, మార్చాను.
రెగ్యులేటర్ కాలి దగ్గర
రెండువేల ఏడువందల ఓముల రెసిస్టర్ పీకి
రెండువేలదానికి అరవై రెండుది ముడేసి అతికించాను.
ఇటొకటి, అటొకటి.
మీటరు మీద పదకొండు పాయింట్ తొమ్మిది తొమ్మిది.
ఎవరికైనా చూపిద్దామని వెనక్కి తిరిగాను.
రాత్రి ఒంటిగంట.

ఎర్త్ మాత్రం
నాకు వీలైన మూల ఇంకో బోల్టుకి కూడా కట్టాను.
నాకు తెలీదా ఏం.
స్విచ్ వేశాను.
గుంయ్.
మాడ్యూళ్లలో ఏ స్వరం మీటినా
దాని అడుగున అదే గుంయ్,
చంకనెక్కి దిగని పిల్లాడిలా.
గంటన్నర వెతికాను, తప్పు నాది కాని చోటల్లా.
చివరికి నా బోల్టు విప్పి
తీగలన్నీ ఆయన బోల్టుకే తెచ్చి బిగించాను.

నిశ్శబ్దం.
కింద వీధిలో ఆఖరి ట్రామ్ మలుపు తిరగడం వినిపించింది.
దాని చక్రానికి నూనె కావాలి.

ఆదివారం తలుపు తట్టాడు.
ఎవరు చెప్పారో. చేతిలో ఊరేసిన దోసకాయల సీసా.
నా సంగీతం అడగలేదు, పెట్టెనడిగాడు.
"నలభై ఎనిమిది వోల్టుల తీగేదీ?"
చివర్లు చుట్టి పక్కకి పెట్టానన్నాను.
బొమ్మల వెనక నిలబడి మాట్లాడే
ద్రహుషె మైకు కోసం వేసిందట.
ఇప్పుడామె ఓలొమోత్స్‌లో ఉంది,
కొత్త పళ్లు కట్టించుకున్నాక
డ్రాగన్ గొంతు రావట్లేదని తిడుతోందట, డాక్టర్ని.

తరవాత మీటరు తీసుకుని తనే పెట్టి చూశాడు.
చాలాసేపు చూశాడు.
"నేను పదిహేనిచ్చాను.
నువ్వు పన్నెండిస్తున్నావు.
మూడేం చేశావు?"

గుచ్చి అడుగుతున్నాడో, తమాషాకో తేలలేదు.
వేడిలోకి పోయాయన్నాను.

చేతి తొడుగు విప్పాడు.
హీట్‌సింక్ రెక్కల మీద అరచెయ్యి ఆనించాడు.
బయట మంచు మొదలైంది.
టీ పెట్టాను, చల్లారింది, మళ్లీ పెట్టాను.

"మైనస్ వైపు కాస్త ఎక్కువ కాలుతోంది," అన్నాడు,
"చూసుకో."

చెయ్యి మాత్రం తియ్యలేదు.