మంద యాడుంది?

ఏనుమాముల మార్కెట్ ఎనుక
మా కోల్డ్ స్టోరేజీ.
మూడో ఛాంబర్ల ఆరువేల బస్తాలు,
తేజ మిర్చి సగం, దుగ్గొండి చపాట సగం.
ఏడు డిగ్రీలు దాటితే
రంగు తిరుగుతది, రైతు మొఖం తిరుగుతది.

మెట్ల కింద అరల ఒక పాత కంప్యూటర్,
మూత లేదు, ఫ్యాను గురక.
థర్మామీటర్ల తీగలు దానికే కలిపిన.
కాజీపేట డీజిల్ కాలనీల దుప్పటి కప్పుకొని
సెల్లుల ఛాంబరు సలి చూడాలని నా ఆశ.

అడ్డం కరెంటు.
పోతది, వస్తది.
వచ్చినప్పుడల్లా రౌటర్‌కు
కంపెనోడు కొత్త నంబరిస్తడు.
నిన్నటి నంబరు కొడితే
ఇంకెవరి గడపనో, పలుకుండది.
మారని నంబరు కావాలంటే నెలకింత అన్నడు.
ఆ ఇంత ఎంతో విని
మా సేటు లెక్కల పుస్తకం మూసిండు.

అందుకని ఒక పేరు కొన్న, ఏడాదికి ఎనిమిది నూర్లు.
పేరు కదలది. నంబరు నిలవది.
ఆ రెండిటి నడుమ ఉరికేటందుకు
పందొమ్మిది లైన్ల స్క్రిప్టు.

రాస్తుంటే తెలిసింది,
మన నంబరు మనకే తెల్వది.
రౌటర్ చెప్పేది ఇంట్ల పిలుచుకునే ముద్దుపేరు.
అసలుది బయటోన్ని అడగాలె:
"నేను నీకెట్ల కనవడుతున్న?"
చెప్పింది రాసుకోవాలె.
పోయినసారి రాసుకున్నదానితోని సరిచూడాలె.
ఒక్కటే అయితే నోర్మూసుకోవాలె.
మారితేనే పోయి చెప్పాలె.
అయిదు నిమిషాలకోసారి, రాత్రంత.

వాచ్‌మన్ ఓదెలు ఎనుక నిలవడి
చాయ్ ఊదుకుంట చూస్తుండు.
"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"
చెప్పిన. సగం ఇంగ్లీషుల, సగం చేతులతోని.
"ఓ, మంద పెట్టుడే గద" అన్నడు.

ఒకప్పుడు ఆయనకు నూటిరవై గొర్లు.
కోతలైన చెల్కలల్ల రాత్రికో తావు,
ఎరువుకు బదులు రైతు వడ్లు కొలిశేది.
ఇయ్యాల ఆత్మకూరు, రేపు మల్లంపల్లి,
గడ్డి ఎటు పిలిస్తె అటు.
మంద లేపినప్పుడల్లా
గూడెప్పాడు క్రాస్‌రోడ్డు కాడ
పంచర్లేసే యాకూబుకు ఒక మాట ఇడిశేది.
గట్కమూట తెచ్చే పెండ్లాం,
బేరానికొచ్చిన కటికాయన,
సూదులేసే పశువుల డాక్టరు,
ఎవ్వలైనా మందను ఎతుకరు.
యాకూబునే అడుగుతరు:
"ఓదెలు మంద యాడుంది?"

"తావు మారకుంటె చెప్పకపోతుంటి.
ఊకె చెప్తె యాకూబు తిడ్తుండె" అన్నడు.
నేను నా ఏడో లైను దిక్కు చూసిన.
అచ్చం అదే.

రెండో వారం స్క్రిప్టు బోల్తపడ్డది.
బయటోడు ఆ రాత్రి పలకలే.
నా స్క్రిప్టు ఆ ఖాళీనే నంబరనుకొని
ఉన్నది చెరిపింది.
తెల్లారిందాక పేరుంది, పేరెనుక ఇల్లు లేదు.
ఫోన్ చేస్తే ఓదెలు టార్చి పట్టుకొని ఛాంబర్లకు వోయి
పండ్లు టకటక కొట్టుకుంట చదివిండు, "ఆరున్నర."
"యాకూబు దుకాణం బందుంటె
పాత మాటే మాట బిడ్డా."
ఇరవయ్యో లైను ఆయనది.

గొర్లు అమ్మి తొమ్మిదేండ్లాయె.
ఎందుకని నేనడుగలే.
మొన్న పెండ్లికి పోతూ గూడెప్పాడుల దిగిండట.
యాకూబు లేడు, ఆ తావుల ఫ్లెక్సీల షాపు.
ఒక ముసలాయన కండ్ల మీద చెయ్యి అడ్డంవెట్టి
"ఓదెలువు గాదూ? మంద యాడుంది?" అన్నడట.

పాత మాట ఎంతసేపు బతకాలెనో
పేర్ల లెక్కల ఒక అంకె ఉంటది.
నేను మూడు నూర్ల సెకన్లు పెట్టిన.
ఆ ముసలాయన ఎంత పెట్టుకున్నడో.

"మరి ఏం చెప్పినవ్?"
ఓదెలు కప్పు కడిగి బోర్లించిండు.
"ఏనుమాముల. మూడో ఛాంబరు."