వేణ్ణీళ్ల డ్రమ్ము

పోయిన నెల మా భీమవరం రొయ్యల షెడ్డులో
తెల్ల బోర్డు మీద నీలి ఇంకుతో
‘ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్’ అని రాశాడు
విజయవాడ నుంచి వచ్చిన కుర్రాడు.
వెళ్తూ వెళ్తూ అందరితో చప్పట్లు కొట్టించాడు.
తడి చేతులు, సరిగా మోగలేదు.

“ప్రధానం ఎవరికే?” అంది చోడమ్మ,
తల తుంచిన రొయ్యని టబ్బులోకి విసిరి.
“భోజనాలుంటాయా?”
షెడ్డు షెడ్డంతా నవ్వింది. నేనూ.
సూపర్‌వైజర్ని, నవ్వకూడదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
పదకొండేళ్లు నేనూ ఆ ఐసులో చేతులు పెట్టినదాన్నే.
వేళ్లు మొద్దుబారితే చంకలో దాచుకునేవాళ్లం,
కాటా దగ్గర గుమాస్తా చూడకుండా.
అది మర్చిపోవడానికి
నాకొక కుర్చీ, ఒక విజిలు సరిపోయాయి.

పొద్దున్నే రామభద్రరాజు గారి గదికెళ్లాను.
“ఒక డ్రమ్మండి, ఒక గ్యాసు పొయ్యి.
గంటకోసారి చేతులు ముంచుకోడానికి వేణ్ణీళ్లు.”
“కిలోలు తగ్గవూ?”
“తగ్గితే నా జీతంలో కోసుకోండి.”
అన్నాక కాళ్లు వణికాయి.

తగ్గాయో పెరిగాయో ఆయన పుస్తకానికి తెలుసు.
ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.
డ్రమ్ము మాత్రం తీయలేదు.

ఇప్పుడు షిఫ్టు మధ్యలో
ఆవిరి చుట్టూ ఇరవై జతల చేతులు,
కోడలి మీద చాడీలు, ఎవరి చెరువుకో వైట్‌స్పాట్,
యనమదుర్రు కంపు.
నన్ను చూసి ఎవరూ మాట ఆపరు.

నిన్న చోడమ్మ పక్కకి జరిగి
“రా, నువ్వూ ముంచు” అంది.
నా చేతులు చల్లగా లేవు.
అయినా ముంచాను.